కంకణం కట్టుకున్న పాత్ర: ఆటలో ఎదుగుదల, ఆటగాడి స్వేచ్ఛ



చిత్తూరు వి. నాగయ్య గారి స్మరణలో నాలుగు మాటలు చెప్పమని పిలిచిన మిత్రులకు కృతజ్ఞతలు. నాగయ్య గారు 1904లో రేపల్లెలో పుట్టారు. అయినా లోకానికి ఆయన చిత్తూరు నాగయ్యగానే తెలుసు. ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో వేషం కట్టి, పద్యం పాడి, ఈ ఊరి జనం మెప్పు పొంది, ఈ ఊరి పేరునే తన పేరు ముందు పెట్టుకుని మద్రాసు వెళ్ళారు. 1938లో ‘గృహలక్ష్మి’తో తెరమీదికి వచ్చారు. 1965లో పద్మశ్రీ అందుకున్నారు. 1973 డిసెంబరు 30న కన్నుమూశారు. ఆయన వేసిన వేషాలు ఎన్నో ఉన్నా తెలుగువాళ్ళు ఇవాళ్టికీ మొదట తలుచుకునేవి మూడు: పోతన, త్యాగయ్య, వేమన.

ఈ మూడు పాత్రలకూ ఒక పోలిక ఉంది. పోతన తన భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వనన్నాడని మన పెద్దలు చెప్పుకున్నారు. త్యాగయ్య తంజావూరు ఆస్థానం పిలుపును కాదన్నాడని చెప్పుకున్నారు. వేమన భోగం విడిచి బయటికి నడిచాడని చెప్పుకున్నారు. సంపాదించుకున్నదాని వల్ల పెద్దదైన పాత్ర ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ముగ్గురూ ఒక చోట నిలబడి, ఇక మీదట ఇది నేను చేయను అని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం దగ్గరే వాళ్ళు మన కళ్ళముందు ఎదిగారు. ఇవాళ నేను చెప్పదలచుకున్న విషయానికి నాగయ్య గారి ఈ మూడు వేషాలే దారి చూపిస్తున్నాయి.

విషయం పాత్రధారణ ఆటలు. ఇక్కడున్న విద్యార్థుల్లో కొందరికి ఇవి బాగా తెలుసు. పెద్దల కోసం రెండు మాటల్లో చెబుతాను. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. పాత్ర బలమెంత, విద్యలేమిటి, చేతిలో ఏముంది అన్నది ఒక కాగితం మీద రాసి ఉంటుంది. కథకుడు పరిస్థితి చెప్పి, “ఇప్పుడు నువ్వేం చేస్తావు?” అని అడుగుతాడు. ఆటగాడు చెబుతాడు. ఫలితం తెలియని చోట పాచిక తేలుస్తుంది. ఇలా వారం వారం, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఒకే కథ సాగుతుంది. దాన్ని క్యాంపెయిన్ అంటారు.

ఇంతకాలం సాగే ఆటలో ఆటగాడు రెండు కోరతాడు. నా పాత్ర ఎదగాలి. నా ఇష్టప్రకారం నడిచే స్వేచ్ఛ నాకుండాలి. ఈ రెండు కోరికలూ ఒకదాన్నొకటి ఎలా ఆదుకుంటాయి, ఎక్కడ తగవు పడతాయి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆటగాడు తన ఇష్టంతో తన పాత్రకు వేసుకున్న కట్టుబాటులోనే ఆ పాత్ర ఎదుగుతుంది. ఆ కట్టుబాటును వేసుకునే హక్కే ఆటగాడి స్వేచ్ఛలో అన్నిటికంటె పెద్ద భాగం. దీన్ని ఆరు మెట్లలో చెబుతాను.

1. నిచ్చెన

మన ఇళ్ళలో ఎదుగుదలను ఆటగా చూపించిన పటం వైకుంఠపాళి. పరమపద సోపానమన్నా అదే. వైకుంఠ ఏకాదశి జాగారానికి పెద్దవాళ్ళు పటం పరిచి కూర్చునేవాళ్ళు. నిచ్చెనలకు పుణ్యాల పేర్లు, పాములకు పాపాల పేర్లు. అడుగున మొదలైన కాయ పైకెక్కి పరమపదం చేరాలి.

ఆ పటం మనకు ఎంతో నేర్పింది. చివరి వరసలో పెద్దపాము నోట్లో పడి మళ్ళీ అడుగుకు జారినవాడికి అహంకారం గురించి వేరే పాఠం అక్కర్లేదు. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆటగాడు అందులో దేన్నీ ఎంచుకోడు. గవ్వలు పడ్డట్టు కాయ నడుస్తుంది. దానమనే నిచ్చెన ఎక్కినవాడు ఎవరికీ ఏమీ ఇచ్చి ఉండడు. ఎదుగుదల ఉంది, ఎదిగే మనిషి లేడు. పూర్వజన్మ కర్మ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆ పటం సరిపోతుంది. ఒక పాత్ర గుణం ఎలా తయారవుతుందో చెప్పడానికి అది సరిపోదు.

ఈ పటాన్ని గుర్తుంచుకోండి. ఇప్పటి పాత్రధారణ ఆటల్లో చాలావాటి అడుగున ఇదే నిచ్చెన ఉంది.

2. అడిగినవాళ్ళు

ఇప్పుడు కొంచెం దూరం వెళదాం. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు తన స్నేహితుల కోసం ఒక యుద్ధక్రీడ సిద్ధం చేశాడు. సైన్యాలు రాకముందు బ్రౌన్‌స్టీన్ అనే కల్పిత ఊళ్ళో జరిగే సంగతులు అందులో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక్కో మనిషి పాత్ర, ఒక్కో ఉద్దేశం ఇచ్చాడు. ఆట మొదలయ్యాక ఆటగాళ్ళు అతను అనుకోని పనులు అడగడం మొదలుపెట్టారు. ఇద్దరు ద్వంద్వయుద్ధం చేస్తామన్నారు. దానికి నియమాలు లేవు. వెస్లీ అక్కడికక్కడే తేల్చాల్సి వచ్చింది. ఆట చేయిదాటిపోయిందని అతననుకున్నాడు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ పెట్టమన్నారు.

ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ దాన్ని బ్లాక్‌మూర్ అనే కల్పిత లోకంగా పెంచాడు. గ్యారీ గైగాక్స్ అతనితో చేయి కలిపాడు. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడు చిన్న పుస్తకాలుగా ఒక పెట్టెలో వచ్చింది. తొలి ముద్రణ వెయ్యి పెట్టెలు. ఇవాళ ఈ రంగంలో ఉన్న ఆటలన్నీ ఏదో ఒక విధంగా ఆ పెట్టెకు రుణపడి ఉన్నాయి.

ఈ చరిత్రలో నాకు ముఖ్యమనిపించేది ఆటగాళ్ళు అడగడం. పటం మీది కాయ అడగలేదు. మనిషి అడగగలడు. నియమాల్లో లేని పనిని ఆటగాడు అడిగిన చోట, కథకుడు విని జవాబిచ్చిన చోట ఈ కళ పుట్టింది.

అయితే ఆ పెట్టెలోనే నిచ్చెన కూడా ఉంది. రాక్షసులను చంపితే, నిధి తెచ్చుకుంటే అనుభవపు పాయింట్లు. పాయింట్లు కూడితే లెవెల్ పెరుగుతుంది. లెవెల్ పెరిగితే ప్రాణశక్తి, దెబ్బ తీసే శక్తి పెరుగుతాయి. ఆ పుస్తకాల్లో తొమ్మిదో లెవెల్ చేరిన వీరుడు ప్రభువవుతాడు, కోట కట్టుకుంటాడు, చుట్టూ నేల ఏలుతాడు. ఆ ఆలోచన చాలా మంచిది. అక్కడ పెరిగింది అంకె మాత్రమే కాదు. ఆటగాడు తేల్చాల్సిన విషయాలు పెరిగాయి. నిన్నటిదాకా తన కత్తి సంగతి చూసుకున్నవాడు ఇవాళ పన్ను ఎంత వేయాలో, ఎవరికి ఆశ్రయం ఇవ్వాలో చెప్పాలి. తర్వాత వచ్చిన ఎన్నో ఆటలు ఈ కోటను వదిలేసి అంకెలను ఉంచుకున్నాయి. పాత్రతో పాటు శత్రువూ అంతే బలపడుతుంటే, పదో లెవెల్‌లో ఆటగాడు చేసే పని మొదటి లెవెల్‌లో చేసిన పనే. నిచ్చెన మళ్ళీ వచ్చి కూర్చుంది.

3. పోగొట్టుకుంటూ ఎదగడం

ఈ కొరతను ఆటలు రాసేవాళ్ళే గుర్తించారు. 1981లో వచ్చిన ‘కాల్ ఆఫ్ క్తులు’ ఆటలో పాత్రలు భయంకరమైన రహస్యాలు వెతుకుతాయి. ఆ నిషిద్ధ జ్ఞానం ఎంత పెరిగితే పాత్ర మనస్థిమితానికి ఉన్న గరిష్ఠ పరిమితి అంత తగ్గుతుంది. తెలుసుకోవడానికి ధర చెల్లించాలి. ఆటగాడు పుస్తకం తెరవాలా వద్దా అని ఆగి ఆలోచిస్తాడు. ఆ ఆగడంలోనే అతని పాత్ర ఎవరో బయటపడుతుంది.

1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రాసిన ‘పెండ్రాగన్’ ఇంకా ముందుకు వెళ్ళింది. అది ఆర్థర్ రాజు కాలపు కథ. అందులో ప్రతి వీరుడికీ దయ–క్రౌర్యం, సత్యం–కపటం లాంటి గుణాల జంటలు పదమూడు ఉంటాయి. జంటలో ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. రెండూ కలిపి ఎప్పుడూ ఇరవై. వీరుడు చేసిన పనులే ఆ అంకెలను మారుస్తాయి. ఒక గుణం పదహారుకు చేరిందంటే అది లోకానికి తెలిసిపోయిన గుణం. ఇక ఆ గుణానికి పరీక్ష వచ్చినప్పుడు ఆటగాడు పాచిక వేయాలి. పాత్ర తన స్వభావం ప్రకారమే నడిచే అవకాశం ఎక్కువ. చాలాకాలం సత్యం పలికినవాడికి అబద్ధమాడటం కష్టమవుతుంది.

పైకి చూస్తే ఇది స్వేచ్ఛకు కోత. నేను అలా చూడను. నిన్నటి నా నిర్ణయాలు ఇవాళ నన్ను పట్టి ఉంచుతున్నాయంటే నా నిర్ణయాలకు విలువ ఉందనే అర్థం. నిన్న ఏం చేసినా ఇవాళ ఏమీ మారని లోకంలో ఎంత స్వేచ్ఛ ఇచ్చినా దాని బరువు సున్నా.

4. మన ఊళ్ళ భారతం

ఇక మన గడ్డ మీదికి వద్దాం. పాత చిత్తూరు జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న ఊరికి భారతం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎన్నో ఊళ్ళలో పద్దెనిమిది రోజుల ఉత్సవం. మధ్యాహ్నం భాగవతారు హరికథ చెబుతారు. ఆ రోజు చెప్పిన ఘట్టాన్ని రాత్రి వీధినాటకంగా ఆడతారు. బకాసుర వధ నాడు భీముడి బండి ఊరేగుతుంది. ఆఖర్న దుర్యోధన వధ, నిప్పుల గుండం, ధర్మరాజు పట్టాభిషేకం. తమిళ దేశంలో సెంజి ప్రాంతం నుంచి మన దాకా వ్యాపించిన ఈ ద్రౌపదీ ఆరాధన మీద ఆల్ఫ్ హిల్టెబైటల్ 1988లో ఒక పెద్ద గ్రంథపు తొలి సంపుటం ప్రచురించారు. ఆసక్తి ఉన్న విద్యార్థులు చూడండి.

పద్దెనిమిది రోజులు, అవే పాత్రలు, ఒకే కథ, ఊరంతా భాగస్వాములు. క్యాంపెయిన్‌కు ఇంతకంటె దగ్గరి బంధువు మనకు లేదు. కథ ముగింపు అందరికీ తెలుసు. మరి పాత్రధారికి స్వేచ్ఛ ఎక్కడుంది?

అర్జున తపస్సు చూడండి. ఎత్తయిన తపస్సు మాను నాటుతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ మెట్టుమెట్టుగా పైకెక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మపండో పువ్వో తమ మీద పడాలని ఎదురుచూస్తారు. ఆ మనిషి మాను ఎక్కేది ఒంటి బలంతోనే అయినా, జనం అతన్ని నమ్మేది ఆ బలం చూసి కాదు. కంకణం కట్టుకుని నియమంతో ఉన్నాడు, అందుకని అతని చేతి నిమ్మపండుకు విలువ. తిండిలో, పడకలో, మాటలో అతను తగ్గించుకున్నవే అతన్ని ఆ రాత్రి అర్జునుణ్ణి చేశాయి.

ద్రౌపది సంగతి ఇంకా లోతైనది. కౌరవ సభలో పాచికలాట జరిగింది. ఆమె పాచిక వేయలేదు. ఎవరో వేసిన పాచికకు ఆమెను ఒడ్డారు. తాను ఓడినవాడు నన్నెలా ఒడ్డగలడని ఆమె సభను అడిగింది. ఆ ప్రశ్నకు సభ జవాబివ్వలేకపోయింది. ఆటగాడి స్వేచ్ఛ గురించి నాకు తెలిసిన అతి పదునైన ప్రశ్న అదే: నా పాత్ర విధిని నన్నడగకుండా తేల్చే హక్కు నీకెవరిచ్చారు? మన ఊళ్ళ భారతంలో ద్రౌపది ఆ తర్వాత తనకు తానే ఒక కట్టుబాటు వేసుకుంటుంది. విరబోసుకున్న జుట్టు పగ తీరేదాకా ముడవదు. మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ బొమ్మ తొడ మీద భీముడు గద వేశాక, ఊరి జనం మధ్య ఆమె జుట్టు ముడుస్తారు. పాచిక ఆమె స్వేచ్ఛను లాక్కుంది. తాను పట్టిన వ్రతంతో ఆమె దాన్ని తిరిగి తెచ్చుకుంది. మహారాణిగా ఆమెకు గుడి కట్టలేదు ఈ ప్రాంతం. ఆ వ్రతం పట్టినందుకు కట్టింది.

5. గంగమ్మ వేషాలు

తిరుపతి వాళ్ళు ఇంతసేపూ తాతయ్యగుంట గంగమ్మ జాతర మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారని నాకు తెలుసు. వచ్చింది.

ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేషం మీద వేషం మార్చిందని జాతర కథ. ఏటా మే నెలలో వారం రోజులు కైకాల వారు అమ్మవారి తరఫున ఆ వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. దొర వేషం నాడు పాలెగాడు హతమవుతాడు. మొక్కు ఉన్న ఊరి మగవాళ్ళు నామం సుద్ద, కుంకుమ, బొగ్గు పూసుకుని ఆయా రోజుల వేషాలు వేస్తారు. చివరికి చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని అమ్మ దగ్గరికి వెళతారు. జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద 2013లో ఒక పుస్తకం ప్రచురించారు.

ఇప్పుడు ఈ వరసను నిచ్చెనగా చదివి చూడండి. కుదరదు. హోదా లెక్కలో దొర వేషం శిఖరం. శత్రువు చచ్చింది కూడా ఆ వేషంలోనే. నిచ్చెన కథయితే అక్కడితో అయిపోవాలి. గంగమ్మ ఆగదు. మర్నాడు మాతంగిగా వస్తుంది. పాలెగాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి అమ్మ ఆ రూపం ఎత్తిందని చెబుతారు. గెలిచినవాళ్ళు ఓడిన ఇంటికి వెళ్ళి నిలబడటం. ఎదుగుదలలో ఈ మెట్టు ఏ లెవెల్ పట్టికలోనూ ఉండదు.

వేషం కట్టిన ఊరివాళ్ళనూ చూడండి. బండ వేషం నాడు మామూలు రోజుల్లో నోట రాని బూతు మాట అనవచ్చు. మగవాడు ఆడదాని నడక నడవవచ్చు. ఇంత స్వేచ్ఛ ఏడాదిలో ఇంకే రోజూ లేదు. దానికి తలుపు తెరిచేది మొక్కు. మొక్కుకున్నవాడికి దొరికే ఆ చనువు ఊరికే రంగు పూసుకున్నవాడికి దొరకదు. కట్టుబాటు, స్వేచ్ఛ ఇక్కడ ఎదురెదురుగా నిలబడలేదు; ఒకటి రెండోదానికి అనుమతి పత్రం రాసిచ్చింది.

6. ఎవరు కట్టారు?

ఒక అభ్యంతరం రావాలి, రావడం న్యాయం. ‘కట్టుబాటు గొప్పదంటున్నారు. గేమ్ మాస్టర్ ఆ పేరు చెప్పి ఆటగాడి చేతులు కట్టేస్తే?’

అందుకే కంకణం ఎవరు కట్టారన్నది చూడాలి. కర్ణుణ్ణి తీసుకోండి. యుద్ధానికి ముందు కృష్ణుడు అతని జన్మరహస్యం చెప్పి, పాండవుల వైపు వస్తే రాజ్యమే నీదంటాడు. కర్ణుడు రానంటాడు. కుంతి వచ్చి అడిగితే అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగుర్నీ చంపనని మాటిస్తాడు. అంతకుముందే ఇంద్రుడు అడిగితే కవచకుండలాలు కోసి ఇచ్చేశాడు. పాత్ర కాగితం మీద చూస్తే అతను అంతకంతకూ బలహీనపడుతున్నాడు. వింటున్న మనకు మాత్రం అంతకంతకూ పెద్దవాడవుతున్నాడు.

ఇది బల్ల దగ్గర జరగాలంటే కృష్ణుడి మాట నిజమైన బేరం కావాలి. ఆటగాడు ‘సరే, వస్తాను’ అంటే కథ ఆ దారిన సాగడానికి కథకుడు సిద్ధంగా ఉండాలి. కర్ణుడు కాదంటాడని ముందే రాసిపెట్టుకుని అడిగితే ఆ కాదనడానికి విలువ లేదు. వీధినాటకానికి ముగింపు ఊరిది, తరతరాలది. ఆ హక్కు దానికుంది. నిన్న మొదలైన క్యాంపెయిన్ ముగింపు మీద గేమ్ మాస్టర్‌కు ఆ హక్కు లేదు. అతను పరిస్థితిని కట్టవచ్చు, పాచికను గౌరవించవచ్చు. ఆటగాడి కంకణం మాత్రం అతను కట్టకూడదు.

విద్యార్థులకు ఒక ఉదాహరణ చెబుతాను. ఇది నేను అల్లింది. పాలెగాళ్ళ కాలపు చిత్తూరు సీమలో కథ పెట్టుకున్నారనుకుందాం. ఒక ఆటగాడిది తలారి కొడుకు పాత్ర. కరువులో ఒక ఊరి చెరువుకు గండి పడితే పూడ్చుతానని అతను మాటిచ్చాడు. పది వారాల తర్వాత చంద్రగిరి కోటలో కొలువు దొరికే అవకాశం వచ్చింది, అదే వారం చెరువు తెగింది. ఇక్కడ కథకుడు చేయాల్సింది మూడే. కొలువు నిజంగా ఇవ్వాలి. చెరువు నిజంగా తెగాలి. ఆటగాడు ఏది ఎంచుకున్నా రెండోదాని ఫలితాన్ని కథ మరిచిపోకూడదు. అతను కొలువుకు పోయినా అది ఎదుగుదలే. మాట తప్పిన మనిషిగా ఎదిగాడు, ఆ ఊరు అతన్ని మళ్ళీ ఎప్పుడో ఒకసారి కలుసుకుంటుంది. చెరువుకు పోతే పాయింట్లు రాకపోవచ్చు. ఆ ఊళ్ళో అతని మాటకు ఇకమీదట ఉండే విలువను కాగితం మీద రాయండి, కత్తి బలం రాసిన చోటే రాయండి.

నా కోరిక కూడా ఇక్కడే చెప్పి ముగిస్తాను. మీలో ఆడేవాళ్ళు ఉన్నారు, ఆటలు రాయగలవాళ్ళూ ఉన్నారు. పాత్ర కాగితం మీద ఒక గడి అదనంగా గీయండి: ‘ఇది నేను చేయను.’ మొదటి రోజు దాన్ని ఖాళీగా వదిలేయండి. కథలో ఏదో ఒక రోజు ఆటగాడు తనంతట తాను అది నింపుతాడు. నింపిన రోజున బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా దాన్ని లెవెల్ పెరిగినదానికంటె పెద్ద సంగతిగా గుర్తించండి. తర్వాత ఎప్పుడైనా అతను దాన్ని కొట్టేస్తానంటే కొట్టేయనివ్వండి. అందుకు కథ ఏ ధర అడుగుతుందో ముందే చెప్పండి. ఈ ఆటలను తెలుగులో ఆడండి. మన ఊళ్ళ భారతం ఆడేవాళ్ళను, హరికథ చెప్పేవాళ్ళను పిలిచి కూర్చోబెట్టుకోండి. రోజుల తరబడి సాగే కథను ఎలా మోయాలో, వేషం కట్టినవాడు నియమాన్ని ఎలా మోయాలో వాళ్ళకు తెలుసు. వాళ్ళకు మర్యాద చేసి నేర్చుకోండి.